ధారపోసిన చేదు

మందులు ఇంకా సీసాల్లోకి రాకుండా చెట్లమీదా పుట్టలమీదా ఉన్న రోజుల్లో, నేరేడుకొండ అనే రాజ్యాన్ని ధవళకీర్తి అనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఆ ముగ్గురి తరవాత చాలా ఏళ్ళకు ఒక కూతురు పుట్టింది. పెద్దకొడుకు భీమకేతుకు కత్తి అంటే ప్రాణం. నడిమివాడు రణధీరుడికి వేట అంటే ప్రాణం. చిన్నవాడు శశాంకుడు మాత్రం తెల్లవారితే చాలు, కోటలోని మందుల కొట్టులో కనబడేవాడు.

మందుల కొట్టు అంటే చిన్నదేమీ కాదు. పెద్ద గది. గోడల వెంట కుండలు, దూలాలకు వేలాడే ఉట్లు, వాటి నిండా ఎండిన వేళ్ళు, బెరళ్ళు, కాయలు, గింజలు. మధ్యలో మందు నూరే నల్లరాతి కల్వం. దాని ముందు ముసలి వైద్యుడు ఓబులాచార్యులు. ఆ కొట్టులో తాతల నాటినుంచి ఒక కట్టుబాటు ఉంది. మందు నూరినవాళ్ళు ఎంతటివాళ్ళయినా సరే, అది రోగి నోట్లోకి వెళ్ళేముందు రవ్వంత తమ నాలుకమీద వేసుకోవాలి.

"కళ్ళు మోసపోతాయి చిన్నబాబూ," అనేవాడు ఓబులాచార్యులు. "ఎండిపోయాక ఏ వేరయినా ఒకలాగే ఉంటుంది. నాలుక మాత్రం పోల్చుకుంటుంది. తీపి బలానికి, పులుపు ఆకలికి, ఉప్పు అరుగుదలకి, కారం కఫానికి, వగరు పుండుకి, చేదు జ్వరానికి. రుచి తప్పిందంటే మందు తప్పిందన్నమాట."

(పిల్లలూ, శశాంకుడు పక్కన గురువు ఉండగా, గురువు చెప్పినంతే నాలుకమీద వేసుకునేవాడు. మీరు దొడ్లో ఆకు కనబడగానే నోట్లో పెట్టుకోకండి.)

శశాంకుడికి భయం ఎక్కువ. గురివింద గింజలు ఒక తట్టలో, మందుపొడి ఒక తట్టలో వేసి తూచేవాడు. తూచి, దించి, మళ్ళీ తూచేవాడు. అటుగా వెళ్ళే అన్నలు నవ్వేవాళ్ళు.

"ఏరా, చిటికెడు పొడిని ఎన్నిసార్లు తూస్తావు? నువ్వు తూచేలోగా రోగి పోతాడు!" అనేవాడు భీమకేతు.

"తప్పు తూస్తే ఇంకా ముందే పోతాడన్నయ్యా," అనేవాడు శశాంకుడు తట్టమీదనుంచి చూపు తిప్పకుండా.

రాజుగారి కూతురు పేరు కువలయ. ఆరేళ్ళ పిల్ల. ఒక ఏడు వానాకాలంలో ఆ పిల్లకు చలిజ్వరం పట్టుకుంది. రోజు విడిచి రోజు, పళ్ళు టకటకలాడేటట్టు చలి, ఆ వెనకే ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఓబులాచార్యులు నేలవేము కషాయం కాచేవాడు. అది పడితే జ్వరం దిగేది. కాని అది పడడమే కష్టం. ఒక దాసి కాళ్ళు పట్టుకోవాలి, ఒక దాసి తల పట్టుకోవాలి, రాజుగారు చేతులు పట్టుకోవాలి. పిల్ల కేకలు కోటగుమ్మం దాకా వినబడేవి.

ఒకరోజు కువలయ ఏడ్చి ఏడ్చి, "నాన్నా, నీకు నేనంటే ఇష్టం లేదు కదూ?" అంది.

రాజు చేతులు వదిలేశాడు. బయటికి వచ్చి ఓబులాచార్యుల్ని, "ఆ చేదు తీసేసి మందు చెయ్యలేరా?" అని అడిగాడు.

"బెల్లం కలిపి చూశాం మహాప్రభూ. బెల్లమే చేదయింది. ఆ చేదులోనే ఉంది గుణం," అన్నాడు ఓబులాచార్యులు.

ఈ మాట ఆ నోటా ఈ నోటా పడి ఎక్కడో ఉన్న వక్రనాసుడి చెవిని పడింది. వక్రనాసుడంటే ఏడు సముద్రాల అవతల ఉండే మాయావి. ముక్కు చిలకముక్కులా వంకర తిరిగి ఉండేది. ఒకనాడు ఒక నల్లజాడీ చంకన పెట్టుకుని కొలువులోకి వచ్చాడు.

"రాజా, నీ రాజ్యంలో ఉన్న చేదంతా నాకు దానం చెయ్యి. బంగారం అడగను, భూములు అడగను. ఎవరికీ అక్కర్లేని చేదు అడుగుతున్నాను. ఆ తరవాత నీ కూతురు మందు కోసం తనే వెంటపడుతుంది," అన్నాడు.

ఓబులాచార్యులు లేచి నిలబడ్డాడు. "ప్రభూ, వద్దు—"

రాజుకు చెవిలో కూతురు మాటే మోగుతోంది. చెంబు తెప్పించాడు. వక్రనాసుడి దోసిట్లో నీళ్ళు ధారపోసి, "నా రాజ్యంలోని చేదు నీకు దానమిచ్చాను," అన్నాడు. వక్రనాసుడు జాడీ మూత తీశాడు. వేపచెట్ల నుంచి, కాకర పాదుల నుంచి, నేలవేము మొక్కల నుంచి పచ్చని పొగ లేచి, సన్నని పాయలుగా వచ్చి జాడీలోకి దిగింది. అతను మూత పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పిల్లలకు పండగే పండగ. వేపాకులు చెరకుముక్కల్లా నమిలారు. రెండు పూటలా కాకరకాయ కూరే కావాలని మారాం చేశారు. వేపకొమ్మలు బోడివయ్యాయి.

మళ్ళీ జ్వరం వచ్చిననాడు శశాంకుడు కషాయం కాచి, కట్టుబాటు ప్రకారం నాలుకమీద వేసుకున్నాడు. చెరకురసంలా ఉంది. రుచి తప్పింది. అయినా ఇంకో మందు లేదు. గిన్నె చెల్లెలికిచ్చాడు. కువలయ గటగటా తాగేసి, గిన్నె అంచు నాకి, "ఇంకొంచెం పొయ్యి చిన్నన్నయ్యా," అంది. మూడు గిన్నెలు తాగింది. జ్వరం వెంట్రుకవాసి కూడా తగ్గలేదు.

కువలయ ఒక్కతే కాదు, ఊరూరా జ్వరాలే. తియ్యని కషాయాలు తాగుతూ మనుషులు కాలిపోతున్నారు. కువలయ చేతులు పుల్లల్లా అయ్యాయి. రాజు మంచం పక్కనే కూచుని, "నేనే చేశాను, నేనే చేశాను," అంటూ ఉండేవాడు.

భీమకేతు కత్తి దూశాడు. "వాడి తల నరికి జాడీ పట్టుకొస్తా," అన్నాడు.

"పెద్దబాబూ, ధారపోసినది బలవంతంగా లాక్కుంటే నిలవదు. వాడు చస్తే వాడితోనే పోతుంది. వాడు మనస్ఫూర్తిగా మళ్ళీ ధారపోస్తేనే—" అని ఓబులాచార్యులు చెబుతూ ఉండగానే భీమకేతు గుర్రమెక్కి వెళ్ళిపోయాడు. తిరిగి రాలేదు.

రణధీరుడు వల, విల్లు సర్దుకున్నాడు. ఓబులాచార్యులు అదే మాట చెప్పాడు. రణధీరుడు విని, నవ్వి, వెళ్ళిపోయాడు. అతనూ తిరిగి రాలేదు.

అప్పుడు శశాంకుడు తండ్రి ముందుకు వచ్చి, "నేను వెళతాను నాన్నగారూ," అన్నాడు.

"నీకు కత్తి పట్టుకోవడం కూడా సరిగ్గా రాదు కదరా!"

"పట్టుకోవడం వచ్చినవాళ్ళు వెళ్ళారు కదండీ."

రాజు సరేనని తల ఊపాడు. ఓబులాచార్యులు ఒక సంచీలో త్రాసు, గురివింద గింజలు, తేనె, పసుపు, శొంఠి, ఉప్పు పెట్టి ఇచ్చాడు. "చేదు ఒక్కటే పోయింది చిన్నబాబూ. మిగతా అయిదూ మన దగ్గరే ఉన్నాయి. వాటితో అయినంత చెయ్యి," అన్నాడు.

శశాంకుడు పోగా పోగా ఒక అడవి వచ్చింది. అడవిలో ఒక ఎలుగుబంటి కాలు పైకెత్తి మూలుగుతోంది. అరికాల్లో ముల్లు దిగి చీము పట్టింది. శశాంకుడు ముల్లు తీసి, కడిగి, పసుపూ తేనే రాసి గుడ్డ కట్టాడు. ఎలుగుబంటి వెంటనే కట్టు నాకడం మొదలుపెట్టింది.

"అది నాకడానికి కాదు, మానడానికి."

"రెండింటికీ పనికొస్తే తప్పేముంది?" అంది ఎలుగుబంటి. "నేనూ నీతో వస్తా. ఆ తేనెబుడ్డి ఉన్నంతవరకూ నిన్ను వదలను."

అలా ఇద్దరూ పోగా పోగా ఒక పుట్ట దగ్గర ముంగిస ఖంగుఖంగుమని దగ్గుతోంది. శశాంకుడు శొంఠిపొడి తూచి తేనెలో కలిపి నాకించాడు. సాయంత్రానికి దగ్గు నెమ్మదించింది. ముంగిస, "పాములున్న చోటికి వెళుతున్నావా?" అని అడిగింది.

"ఉంటాయేమో."

"అయితే నేను లేకుండా ఎలా వెళతావయ్యా?" అని తనూ బయలుదేరింది.

ముగ్గురూ పోగా పోగా సముద్రం వచ్చింది. ఒడ్డున పడవంత తాబేలు వెల్లకిలా పడి, "కడుపునొప్పి నాయనో," అని అరుస్తోంది. శశాంకుడు పొట్ట నొక్కి చూశాడు. "ఏం తిన్నావు?" అని అడిగాడు. తాబేలు చెప్పడం మొదలుపెట్టింది. చెబుతూనే ఉంది.

"చాలు, చాలు. నీకు మందు లేదు. లంఘనమే. మూడు రోజులు మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకు."

"ఇదేం వైద్యం? ఏదయినా ఇవ్వకుండా ఊరికే వదిలేస్తారా?"

"ఇచ్చేది ఏమీ లేనప్పుడు ఊరికే ఉండడం కూడా వైద్యమే."

తాబేలు సణుగుతూనే ఒప్పుకుంది. సగం రోజుకే నొప్పి సర్దుకుంది. దాంతో నమ్మకం కుదిరి, ముగ్గుర్నీ వీపున ఎక్కించుకుని బయలుదేరింది. ఉప్పు సముద్రం దాటింది. చెరకురసం సముద్రం వచ్చింది. "ఒక్క గుక్క?" అంది తాబేలు. "వద్దు," అన్నాడు శశాంకుడు. కల్లు సముద్రం అందరూ ముక్కులు మూసుకుని దాటారు. నేతి సముద్రం వచ్చింది. "వేలు ముంచి నాకినంత?" అంది తాబేలు. "వద్దు." పెరుగు సముద్రం వచ్చింది. "పెరుగు చలవ కదా!" "వద్దన్నానా?" పాలసముద్రంలో తాబేలు కళ్ళు మూసుకుని, ఏడుస్తూ ఈదింది. ఏడోది మంచినీటి సముద్రం. "ఇప్పుడు తాగు," అన్నాడు శశాంకుడు. తాబేలు తాగిన తాగుడికి సముద్రం కాస్త కిందికి దిగిందని చెబుతారు.

ఏడో సముద్రం దాటగానే వక్రనాసుడి దీవి. కోటగుమ్మానికి రెండు నల్లత్రాచులు కాపలా. ముంగిస ఒళ్ళు విరుచుకుని, "నువ్వు మందులు చూసుకో, ఇది నాకు వదిలెయ్యి," అంది. త్రాచులు దాని మొహం చూసే గోడ సందుల్లో దూరాయి.

లోపల పెద్ద ముంగిలి. ముంగిలి నిండా రాతిబొమ్మలు. ఒక బొమ్మ కత్తి ఎత్తి ఉంది. ఒక బొమ్మ వల విసురుతూ ఉంది. శశాంకుడు దగ్గరికి వెళ్ళి ఆ మొహాలు చూశాడు. అవి తన అన్నలు.

"వచ్చిందండీ ఇంకో రాయి," అంది ఒక గొంతు.

చూస్తే ఒక మూల ఒక అమ్మాయి రోటి ముందు కూచుని ఏదో నూరుతోంది. తల ఎత్తకుండానే, "ఎక్కడ నిలబడతావో ఇప్పుడే చూసుకో. ఆ గోడ పక్కన మధ్యాహ్నం నీడ ఉంటుంది," అంది.

"మీరెవరండీ?"

"మల్లెవాడ రాజు కూతుర్ని. వకుళ అంటారు. నా హస్తవాసి మంచిదని మా ఊళ్ళో పేరు. నేను ఏది నూరి ఇచ్చినా రోగం కుదురుతుందని వీడు విన్నాడు, ఎత్తుకొచ్చాడు. వీడి ప్రాణం లోపల ఒక చిలకలో ఉంది. ఆ చిలకకు జబ్బు చేసింది. దాని కోసమే ఏదో రాజ్యంలోని చేదంతా జాడీకెత్తుకొచ్చాడు. చెయ్యి నాదే గాని మోతాదు వాడిది. ఏం చేస్తాం?"

"మోతాదు ఎంత?"

"గంటకో చెంచా."

"చిలకకా!"

వకుళ మొదటిసారి తల ఎత్తి చూసింది. ఈ మాటకు ఉలిక్కిపడినవాడు ఇన్నాళ్ళలో ఇతనొక్కడే. గొంతు తగ్గించి, "విను. ఆ చిలక మెడ నులిమితే వాడు పోతాడు, రాళ్ళన్నీ మనుషులవుతాయి, నేను మా ఇంటికి వెళతాను. ఒక్క నిమిషం పని," అంది.

శశాంకుడు అన్నల వంక చూశాడు. కత్తి ఎత్తిన చేతిమీద పిట్ట రెట్ట ఎండి ఉంది. ఒక్క నిమిషం పని. కాని వక్రనాసుడితోబాటు చేదూ పోతుంది. ఇంటిదగ్గర చెల్లెలు చెరకురసంలాంటి కషాయం తాగుతూ తాగుతూ చచ్చిపోతుంది.

"ముందు రోగిని చూడనివ్వండి," అన్నాడు.

అంతలో వక్రనాసుడే వచ్చాడు. మంత్రదండం ఎత్తాడు. శశాంకుడు గబగబా, "అయ్యా, నేను మందుల కొట్టు నుంచి వచ్చాను. చిలకకు ఒంట్లో బాగులేదట కదా?" అన్నాడు.

దండం దిగిపోయింది. "నీకు వైద్యం వచ్చా? రా, రా, తొందరగా రా. పొద్దుటినుంచీ కన్ను తెరవలేదు."

బంగారు పంజరంలో చిలక ముడుచుకుని ఉంది. ఈకలు సగం రాలిపోయాయి. శశాంకుడు చేయి చాపితే ఒక కన్ను తెరిచింది.

"ఇంకో చెంచాయేనా? వెయ్యి బాబూ, వెయ్యి. ఎలాగూ పోయేదాన్నే."

"అసలు మొదట ఏం జబ్బు చేసింది?"

"పడిశం," అంది చిలక. "వానలో తడిసి రెండుసార్లు తుమ్మాను. అంతే. ఈయన చేదు పోశాడు. అన్నం సయించలేదు. జబ్బు ముదిరిందని ఇంకా పోశాడు. ఈకలు రాలాయి. అమ్మో అని ఇంకా పోశాడు."

"నీ కోసమే కదే!" అన్నాడు వక్రనాసుడు ఏడుపు గొంతుతో.

శశాంకుడు అతనివైపు తిరిగాడు. "అయ్యా, నేను దీన్ని నిలబెడతాను. మీరు మూడు పనులు చెయ్యాలి. ఒకటి, మూడు రోజులు దీనికి చేదు చుక్క కూడా పొయ్యకూడదు. రెండు, ఆ మూడు రోజులూ మీరు ఈ గదిలోకి రాకూడదు. మూడోది తరవాత చెబుతాను."

"సముద్రాలు ఇంకించమను, కొండలు ఎగరేయమను," అన్నాడు వక్రనాసుడు. "ఏమీ చెయ్యకుండా ఎలా ఉండమంటావురా?"

"కష్టమే. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను."

మొదటి రోజు ఎలుగుబంటి దీవి చివరిదాకా పోయి మగ్గిన జామపళ్ళు తెచ్చింది. (రెండు తెచ్చింది. దారిలో ఎన్ని తిన్నదీ అడగలేదు.) చిలక ఒక పండు పొడిచి చూసింది. రెండో రోజు పండంతా తిని, ముక్కుతో ఈకలు సర్దుకుంది. వకుళ అది చూసి, "నీ వైద్యంలో మందు ఎక్కడుందయ్యా?" అని అడిగింది. "ఇంకా అవసరం పడలేదండీ," అన్నాడు శశాంకుడు. వకుళ ఫక్కున నవ్వింది.

మూడో రోజు పొద్దున చిలక పంజరం అడుగున పడి ఉంది. కాళ్ళు చాచేసింది. ఊపిరి అందీ అందకుండా ఉంది. బయట నడవలో వక్రనాసుడు ధబ్బున పడిపోయిన చప్పుడు వినబడింది. గోడ పట్టుకుని లేచి, దండం పట్టుకుని గదిలోకి వచ్చాడు. "చంపేశావురా! నిన్ను నమ్మాను!"

ఎలుగుబంటీ ముంగిసా అడ్డం నిలబడ్డాయి. శశాంకుడు పంజరం ముందు వంగి చూశాడు. తను ఏం తప్పు చేశాడు? పండు తనే రుచి చూశాడు, బాగానే ఉంది. ఇంకేం లోపలికి వెళ్ళింది? పంజరంలో నీళ్ళ గిన్నె కనబడింది. వేలు ముంచి నాలుకమీద పెట్టుకున్నాడు.

చేదు. నాలుక మొదలంటా పాకే చేదు. ఎన్ని నెలలకో తగిలిన రుచి. అతను ఉమ్మెయ్యలేదు. చెల్లెలి మొహం కళ్ళముందు మెదిలింది.

గిన్నె చేతిలోకి తీసుకుని, "అయ్యా, ఇందులో ఏం కలిపారు?" అని అడిగాడు.

"నేనా? నేనేం కలుపుతాను?"

"మంచినీళ్ళు చేదుగా ఉన్నాయి."

"కొంచెమే."

"ఎంత?"

"ఒక చెంచా." ఆగాడు. "రెండు."

"ఎందుకు?"

వక్రనాసుడి మొహం పాలిపోయింది. "గదిలోకి రాలేదురా. చెప్పినట్టే ఉన్నాను. కిటికీలోంచి చూసి, చెయ్యి చాపాను, అంతే. అది తుమ్మింది."

"చిలకలు తుమ్ముతాయండీ."

వక్రనాసుడు చేతిలో దండం కింద పడేసి, అక్కడే గడపమీద కూచుండిపోయాడు. లోకాన్ని గడగడలాడించిన మాయావి మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చాడు. అతణ్ణి చూస్తే శశాంకుడికి మంచం పక్కన కూచున్న తండ్రి గుర్తొచ్చాడు.

"ఏడుపు తరవాత," అంది వకుళ. "ముందు నీళ్ళు మార్చండి."

శశాంకుడు కొత్త నీళ్ళలో తేనె తూచి కలిపాడు, ఉప్పు తూచి కలిపాడు. ఎప్పటిలాగే మళ్ళీ తూచాడు. నాలుకమీద వేసుకుని చూసి వకుళకిచ్చాడు. వకుళ గడ్డిపరక కొసతో బొట్టు బొట్టుగా చిలక నోట్లో పడేసింది. ఒక్కో బొట్టుకూ నడుమ ఆగి చూసేది. మధ్యాహ్నానికి చిలక కాళ్ళు ముడుచుకుంది. సాయంత్రానికి పంజరంలోని కొమ్మమీదికి ఎక్కి, "ఆ జామపండు ఇంకోటుందా?" అంది.

వక్రనాసుడు పొద్దుటినుంచీ గడపమీదే ఉన్నాడు. లేచి లోపలికి వెళ్ళి నల్లజాడీ తెచ్చాడు.

"మూడో పని ఏమిటో నువ్వు చెప్పక్కర్లేదు," అన్నాడు. "ఇది ఇంట్లో ఉంటే నా చెయ్యి ఊరుకోదు. అది దగ్గితే పోస్తాను, కునికితే పోస్తాను. నా చేత్తో నేనే చంపుకుంటాను. తీసుకుపో." కాస్త ఆగి, "ఒక్క గురివింద ఎత్తు ఉంచుకోనా? ఎప్పుడైనా నిజంగా జ్వరం వస్తే?" అన్నాడు.

శశాంకుడు ఆలోచించాడు. "జ్వరం వస్తే తాబేలుతో కబురు పంపండి. నేనే తూచి తెస్తాను," అన్నాడు.

వక్రనాసుడు చెంబు ఎత్తాడు. ఎత్తినవాడు వంచకుండా జాడీ వంకే చూస్తున్నాడు.

"పొయ్యి, పొయ్యి, నాకు పోసినప్పుడు ఎన్నడైనా ఆలోచించావా?" అంది చిలక.

నీళ్ళు శశాంకుడి దోసిట్లో పడ్డాయి. జాడీలోని చేదు మళ్ళీ నేరేడుకొండ సొత్తయింది. ఆ వెంటనే వక్రనాసుడు ముంగిట్లోకి వెళ్ళి రాతిబొమ్మలన్నిటినీ ఒక్కొక్కటే తాకి లేపాడు. భీమకేతు కదలగానే, "ఏడీ వాడు?" అని కత్తి ఝళిపించాడు. "అయిపోయిందన్నయ్యా, కత్తి దించు," అన్నాడు శశాంకుడు. రణధీరుడు తన వలలోనే తన కాళ్ళు చిక్కి కింద పడ్డాడు.

"మిమ్మల్ని ముందు మల్లెవాడలో దింపుతామండీ," అన్నాడు శశాంకుడు వకుళతో.

"ముందు మీ చెల్లెలి దగ్గరికి పద. కషాయం కాచడానికి ఇంకో చెయ్యి ఉంటే బరువా?" అంది వకుళ.

తాబేలు లంఘనం అయిపోయింది గనక పాలసముద్రం దగ్గర కాసేపు ఆగవలసి వచ్చింది. అంతకు మించి దారిలో ఆలస్యం కాలేదు. నేరేడుకొండ పొలిమేరలో శశాంకుడు జాడీ మూత తీశాడు. పచ్చని పొగ పాయలు పాయలుగా లేచి, ఏ మొక్కది ఆ మొక్క పంచుకుంది. ఆ నిమిషాన రాజ్యమంతటా కాకరకాయ కూరతో అన్నం తింటున్న పిల్లలు ఒక్కసారిగా గొల్లుమన్నారు. ఆ ఏడుపు విని ఓబులాచార్యులు కొట్టులోంచి బయటికి పరుగెత్తుకొచ్చాడు.

కువలయ మంచంలో ఉందా లేదా అన్నట్టుంది. కళ్ళు తెరవడంలేదు. శశాంకుడు నేలవేము కోసి, కడిగి, పిల్ల బరువుకు తగ్గట్టు తూచాడు. వకుళ కాచి వడగట్టింది. ఇద్దరూ నాలుకమీద వేసుకున్నారు. ఇద్దరి మొహాలూ వికారంగా అయ్యాయి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని తల ఊపారు.

మొదటి మోతాదు కువలయ మాట్లాడకుండా మింగింది. కాదనడానికి కూడా ఓపిక లేదు. అది చూసి రాజు బయటికి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చాడు. మర్నాటి మోతాదుకు కనుబొమలు ముడిచింది. మూడోనాడు చలి వచ్చే వేళ అయింది. అందరూ మంచం చుట్టూ నిలబడ్డారు. వేళ దాటింది. ఒళ్ళు చల్లగానే ఉంది. శశాంకుడు చెల్లెలి చెయ్యి పట్టుకుని చూశాడు, వదిలి మళ్ళీ పట్టుకుని చూశాడు. తరవాత కషాయం గిన్నె అందించాడు.

కువలయ ఒక గుక్క తీసుకుంది. థూ అని రాజుగారి పట్టు ఉత్తరీయం నిండా ఉమ్మేసింది. "చేదు! నాకొద్దు! నాన్నా, చిన్నన్నయ్యను కొట్టు!" అని కోటగుమ్మం దాకా వినబడేటట్టు కేకలు పెట్టింది.

ఆ కేకలకు దాసీలు ఏడ్చారు, ఓబులాచార్యులు నవ్వాడు, భీమకేతు గోడకేసి తిరిగి ముక్కు చీదుకున్నాడు. రాజు కూతుర్ని ఒళ్ళో కూచోబెట్టుకుని రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాడు. "ఎంతయినా తిట్టుకో తల్లీ. మిగతాది తాగు," అన్నాడు. ఈసారి చేతులు వదలలేదు.

ఊళ్ళకు కూడా కషాయాలు వెళ్ళాయి. నెల తిరిగేసరికి జ్వరాలు సద్దుమణిగాయి. మల్లెవాడ రాజుకు కబురు వెళ్ళింది. ఆయన వచ్చి కూతుర్ని చూసుకుని, "ఈ అబ్బాయి ఎలాంటివాడమ్మా?" అని అడిగాడు. "నాన్నగారూ, చిలక మెడ నులిమితే పని అయిపోయేచోట మూడు రోజులు నీళ్ళ గిన్నె పట్టుకుని కూచున్నాడు," అంది వకుళ. ఆ నెలలోనే పెళ్ళి జరిగింది. పెళ్ళిలో ఎలుగుబంటి తేనె వడ్డించే పని అడిగి తీసుకుంది గాని వరస చివరిదాకా తేనె చేరలేదు.

ధవళకీర్తి ముసలివాడయ్యాక సింహాసనం ఎవరికన్న మాట వచ్చింది. "అన్నాళ్ళు రాయిలా నిలబడ్డాను. మళ్ళీ ఒకచోట కదలకుండా కూచోవడం నావల్ల కాదు. సైన్యం నాకు ఇవ్వండి," అన్నాడు భీమకేతు. రణధీరుడు అడవుల కావలి అడిగాడు. శశాంకుడు రాజయ్యాడు. వకుళ రాణి అయింది.

ఆ ఇద్దరూ చాలా కాలం ఏలారు. ఊరికో మందుల కొట్టు పెట్టించారు. ప్రతి కొట్టులోనూ ఒక త్రాసు, దాని పక్కన గురివింద గింజల గిన్నె ఉండేవి. అక్కడ తూచకుండా ఏ మందూ గడప దాటేది కాదు. ఆ రాజ్యంలో పిల్లలు మాత్రం కషాయం గిన్నె కనబడగానే చెట్టెక్కేవాళ్ళు. వకుళారాణి కొంగు బిగించి కిందనే నిలబడి, "దిగుతావా, నన్నే ఎక్కమంటావా?" అని అడిగేది. దిగనివాడి కోసం ఎక్కిన సందర్భాలు కూడా ఉన్నాయట.